బెంటన్‌విల్ ఒంటిస్తంభం మేడేనా? ఆర్కెన్సా వాయవ్య మూలన ఇల్లు కొనే ముందు ఒక చర్చ

#1 మిల్లుకాలనీ_అమ్మాయి

అందరికీ డాలస్ నుంచి నమస్కారం. మా వారు పనిచేసే సంస్థ అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్‌కు సరుకు సరఫరా చేస్తుంది. వచ్చే ఏడాది నుంచి ఆయన, వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న బెంటన్‌విల్‌లోని తమ కార్యాలయానికి వెళ్లి పనిచేయాలని పైవాళ్లు తేల్చారు. నా ఉద్యోగం ఇంటి నుంచే కాబట్టి ఊరు మారడం నాకు పెద్ద ఇబ్బంది కాదు, కానీ అక్కడ ఇల్లు కొనాలా వద్దా అన్న దగ్గర మా ఇద్దరికీ మాట కలవడం లేదు.

నేను ఒకే మిల్లు మీద బతికిన ఊళ్లో పెరిగాను. మిల్లు సైరన్‌తో మా ఇంట్లో పొయ్యి వెలిగేది. అది మూతపడ్డ ఏడాది క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, కిరాణా కొట్టులో అరువు పుస్తకం మూసేశారు, బడిలో మా తరగతి సగమైంది, ఇల్లు కట్టుకున్న వాళ్లు కట్టిన ధరలో మూడో వంతుకు కూడా అమ్ముకోలేకపోయారు. అందుకే 2010లో 35,301 మంది ఉన్న బెంటన్‌విల్ 2020 జనగణన నాటికి 54,164కు చేరిందని చదివితే మా వారికి ఉత్సాహం వస్తోంది, నాకు భయం వేస్తోంది. ఒక కంపెనీ ఎంత పెద్దదైనా ఒక కంపెనీయే కదా. ఊరితో పాటు ఆ కౌంటీ, ఆ రాష్ట్రం కూడా దేని మీద నిలిచి ఉన్నాయో, అక్కడ ఉంటున్నవారు కొంచెం వివరంగా చెప్పగలరా?

#2 ఓజార్క్_పాతకాపు

మిల్లుకాలనీ గారూ, నేను 2006 నుంచి బెంటన్‌విల్ ఉన్న బెంటన్ కౌంటీలో ఉంటున్నాను. మీరు అడిగిన ప్రశ్న ఇక్కడ కొత్తగా దిగిన ప్రతి తెలుగు కుటుంబమూ మొదటి చలికాలంలో అడిగేదే. ఒక్క మాటలో తేల్చడం కుదరదు, ఎందుకంటే వాల్‌మార్ట్ రాకముందే ఈ నేల రెండు పంటలు మార్చింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంటన్, వాషింగ్టన్ కౌంటీలు ఆపిల్ తోటలకు పేరుపొందినవి. ఆర్కెన్సా రాష్ట్ర పుష్పం ఇప్పటికీ ఆపిల్ పువ్వే, 1901లో ప్రకటించారు. తరువాత పురుగులు, తెగుళ్లు, కరువులు, పడిపోయిన ధరలు కలిసి తోటలను తినేశాయి. ఓజార్క్ కొండల నేల రాళ్లమయం, పత్తికి గానీ వరికి గానీ పనికిరాదు, దాంతో రైతులు షెడ్లు వేసి కోళ్లు పెంచడం మొదలుపెట్టారు. 1931లో స్ప్రింగ్‌డేల్ చేరిన జాన్ టైసన్ అనే లారీ యజమాని, ఆ దశాబ్దం మధ్యలో ఇక్కడి కోళ్లను షికాగో దాకా తోలుకెళ్లి అమ్మితే ధర ఎక్కువ పలుకుతుందని కనిపెట్టాడు. నేటి టైసన్ ఫుడ్స్ మొదలు అదే.

ఇప్పుడు మనవాళ్లకు బాగా అర్థమయ్యే ముక్క చెబుతాను. కోళ్ల షెడ్డులో నేల మీద ఊక పరుస్తారని మన జిల్లాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఈ రాష్ట్రం తూర్పు భాగంలోని డెల్టా, అమెరికా మొత్తం మీద పండే వరిలో దాదాపు సగం పండిస్తుంది. అక్కడి స్టట్‌గార్ట్ అనే ఊళ్లో మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉన్న ఊకను నొక్కి మూటలు కట్టి కోళ్ల షెడ్లకు అమ్మే వ్యాపారాన్ని జానీ బ్రయన్ హంట్ 1961లో ప్రారంభించాడు. 1969లో ఐదు లారీలు, ఏడు ట్రైలర్లు కొని రవాణాలోకి దిగాడు, తరువాత మన పక్కనే ఉన్న లోవెల్‌కు మకాం మార్చాడు. దేశంలోని అతి పెద్ద రవాణా సంస్థలలో ఒకటైన జె.బి. హంట్ అలా ఊక మూటల నుంచి పుట్టింది.

అంటే ఇక్కడ కోడి ముందు, లారీ తరువాత, కొట్టు ఆ పక్కన పెరిగాయి. వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ 1950లో బెంటన్‌విల్ కూడలిలో తెరిచిన చిల్లర కొట్టు ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంది, దాని ముందు ఆయన పాత ఫోర్డ్ బండి లాంటిదొకటి నిలబెట్టి ఉంటుంది. మొదటి వాల్‌మార్ట్ మాత్రం ఇక్కడ కాదు, పక్క ఊరు రోజర్స్‌లో 1962 జూలై 2న తెరిచారు. కాబట్టి మీరు బెంటన్‌విల్‌ను ఒక్కదాన్నే విడదీసి చూడకండి. బెంటన్‌విల్, రోజర్స్, లోవెల్, స్ప్రింగ్‌డేల్, ఫయెట్‌విల్ ఒకే రహదారికి గుచ్చిన పూసలు. 2020 లెక్కల ప్రకారం బెంటన్ కౌంటీలో 2,84,333 మంది, దక్షిణాన ఉన్న వాషింగ్టన్ కౌంటీలో 2,45,871 మంది ఉన్నారు. ఫయెట్‌విల్‌లో 1871 నాటి రాష్ట్ర విశ్వవిద్యాలయం ఉంది. వాస్తులో వాయవ్యం రాకపోకల మూల అంటారు. నాకు వాస్తు మీద నమ్మకం లేకపోయినా ఈ విషయంలో మాత్రం నోరు మెదపను.

#3 సరుకులపద్దు

పాతకాపు గారు చరిత్ర చక్కగా చెప్పారు, కానీ ఆ పూసలన్నీ ఒకే దారానికి గుచ్చి ఉన్నాయన్న సంగతిని ఆయన తేలికగా దాటేశారు. నేను పదకొండేళ్లుగా సరఫరాదారుల వైపు పనిచేస్తున్నాను, కాబట్టి ఆ దారం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూపిస్తాను.

వాల్‌మార్ట్ వారం శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది, ఆర్థిక సంవత్సరం జనవరి 31న ముగుస్తుంది. మా ఇంట్లో పండుగలు తప్ప మిగతా క్యాలెండర్ అంతా దాని ప్రకారమే నడుస్తుంది. సోమవారం తెల్లవారుజామున కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, వాల్‌మార్ట్ వారి రిటైల్ లింక్ అనే వ్యవస్థలోకి వెళ్లి, మా సబ్బు ఏ రాష్ట్రంలో ఏ దుకాణంలో ఎన్ని అమ్ముడుపోయిందో, ఎక్కడ అర ఖాళీగా ఉండిపోయిందో లాగి పట్టిక వేయడం నా పని. ఆ పట్టిక తొమ్మిదింటికి ముందే వాల్‌మార్ట్ తరఫు కొనుగోలుదారు బల్ల మీద ఉండాలి. గత ఏడాది ఒక చిన్న రకానికి అరలో నాలుగు అంగుళాల చోటు తగ్గించారు. ఆ నాలుగు అంగుళాల గురించి మా కార్యాలయంలో ఆరు వారాలు సమావేశాలు జరిగాయి, చివరికి ఒకరి ఉద్యోగం వేరే నగరానికి మారింది.

ఇలాంటి కార్యాలయాలు ఈ చుట్టుపక్కల వందల కొద్దీ ఉన్నాయి. 1980ల చివరలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఫయెట్‌విల్‌లో ఒక బృందాన్ని కూర్చోబెట్టి దారి చూపింది, మిగతావాళ్లు ఆ వెంటే వచ్చారు, ఈ ప్రాంతానికి వెండర్‌విల్, అంటే సరఫరాదారుల ఊరు, అని ముద్దుపేరు కూడా వచ్చింది. లెక్కల పుస్తకాల్లో ఇవన్నీ వేర్వేరు సంస్థలుగా కనిపిస్తాయి కాబట్టి ఆర్థిక వ్యవస్థ విస్తరించిందని ఎవరైనా అనవచ్చు. నిజానికి మా కార్యాలయం ఇక్కడ ఉండడానికి ఉన్న ఏకైక కారణం కొనుగోలుదారు ఇక్కడ ఉండడం. ఆయన రేపు ఇంకో నగరంలో కూర్చుంటే మేము ఎల్లుండి అక్కడ అద్దెకు చోటు వెతుక్కుంటాం.

అయితే ఆ కొనుగోలుదారు ఇప్పట్లో కదిలే సూచనలు నాకు కనబడడం లేదు. 2025 జనవరిలో వాల్‌మార్ట్ తెరిచిన కొత్త ప్రాంగణం సుమారు 350 ఎకరాలు. 2024 మే నెలలో డాలస్, అట్లాంటా, టొరంటో కార్యాలయాల ఉద్యోగుల్లో ఎక్కువ మందిని బెంటన్‌విల్‌కు గానీ, న్యూజెర్సీలోని హోబోకెన్‌కు గానీ, కాలిఫోర్నియా బే ఏరియాకు గానీ రమ్మన్నారు. 2022లో టైసన్ కూడా షికాగో, డకోటా డ్యూన్స్ కార్యాలయాల వారిని స్ప్రింగ్‌డేల్‌కు పిలిచింది. మిల్లుకాలనీ గారు చూసిన ఊళ్లో కర్మాగారం ఉండేది, నిర్ణయం తీసుకునేవాళ్లు వేరే నగరంలో ఉండేవారు. ఇక్కడ నిర్ణయం తీసుకునేవాళ్లే కాపురం ఉంటున్నారు. ఈ తేడాను మీరు తూకంలో వేసుకోవాలి.

#4 పన్నుపంతులు

నేను లెక్కల మనిషిని కాబట్టి ఆ వైపు నుంచి మాట్లాడతాను. టెక్సాస్ నుంచి వచ్చేవారికి ఇక్కడ మొదట ఎదురయ్యేది రాష్ట్ర ఆదాయపు పన్ను. భయపడకండి, పదేళ్ల కిందట గరిష్ఠ రేటు 7 శాతం దగ్గర ఉండేది, వరసగా తగ్గిస్తూ వచ్చి 2024కు 3.9 శాతానికి దించారు. ఇంటి పన్ను డాలస్ వైపుతో పోలిస్తే చాలా తక్కువ. ఇంటి మార్కెట్ విలువలో 20 శాతాన్ని మాత్రమే పన్ను వేయదగిన విలువగా తీసుకుంటారు. దాని మీద మిల్లుల లెక్కన పన్ను వేస్తారు. ఇది మీ కాలనీలోని మిల్లు కాదు, వెయ్యి డాలర్లకు ఒక డాలరు అని అర్థం. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి 80,000 విలువ కడితే, రేటు 60 మిల్లులనుకుంటే 4,800 డాలర్లు అవుతుంది. సొంతంగా నివసించే ఇంటికి ఆ విలువ ఏడాదికి 5 శాతానికి మించి పెరగకుండా 2000లో రాష్ట్ర రాజ్యాంగానికి చేసిన 79వ సవరణ అడ్డుకుంటుంది. అయితే ఇల్లు చేతులు మారినప్పుడు లెక్క మళ్లీ పూర్తి విలువ దగ్గర మొదలవుతుంది, అందుచేత పాత యజమాని కట్టిన పన్ను రసీదు చూసి మురిసిపోకండి.

మరి డబ్బు ఎక్కడి నుంచి రాబడతారు? అమ్మకం పన్ను నుంచి. రాష్ట్రానికి 6.5, కౌంటీకి 1, బెంటన్‌విల్‌కు 2, మొత్తం 9.5 శాతం. దీని వెనుక ఒక పాత ముడి ఉంది. 1934 నాటి 19వ సవరణ ప్రకారం అప్పటికే ఉన్న పన్నుల రేట్లు, అంటే ఆదాయపు పన్ను లాంటివి, పెంచాలంటే శాసనసభలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. అమ్మకం పన్ను ఆ తరువాత పుట్టింది కాబట్టి దానికి మామూలు మెజారిటీ చాలు. తొంభై ఏళ్లుగా చేయి తేలికగా అందే కొమ్మనే వంచుతూ వచ్చారు. పేదవాడి బియ్యం సంచి మీద, ధనికుడి బియ్యం సంచి మీద ఒకే పన్ను పడే పద్ధతి ఇలా స్థిరపడింది. తిండి సరుకుల మీద రాష్ట్ర పన్నును మాత్రం ఏళ్ల తరబడి తగ్గిస్తూ 2026 జనవరి 1 నుంచి పూర్తిగా ఎత్తివేశారు, నగరం, కౌంటీ వేసేవి అలాగే ఉన్నాయి.

మీ ప్రశ్నకు దీనికి సంబంధం ఏమిటంటే, ఇక్కడి నగరపాలక సంస్థ చేతిలోని డబ్బు ఇంటి విలువ కంటే దుకాణంలో ఖర్చు మీద ఎక్కువ ఆధారపడుతుంది. జీతాలు ఆగితే ముందుగా దెబ్బతినేది అదే.

#5 మిల్లుకాలనీ_అమ్మాయి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పద్దు గారు చెప్పిన మాట, అంటే నిర్ణయం తీసుకునేవాళ్లే అక్కడ ఉండడం, నేను ఆలోచించని కోణం. కానీ నాకు ఇంకో సందేహం పుట్టింది. ఇంత సంపద ఒక మూలన ఉన్నప్పుడు రాష్ట్రం మొత్తానికి ఏమి దక్కింది? పదే పదే వినిపించే మాట ఏమిటంటే ఆర్కెన్సా పేద రాష్ట్రాల వరసలో ఉంటుందని. రాష్ట్రం బలహీనంగా ఉంటే బడులు, ఆసుపత్రులు ఎలా ఉంటాయోనని అడుగుతున్నాను.

#6 డెల్టా_వైద్యుడు

ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి. వీసా మినహాయింపు కోసం వైద్యులు మూడేళ్లు వైద్యసేవలు కరువైన చోట పనిచేయాలన్న నియమం మీలో కొందరికి తెలిసే ఉంటుంది, ప్రతి రాష్ట్రానికి ఏడాదికి ముప్పై మందికి ఆ అవకాశం ఉంటుంది. అలా నేను మిసిసిపీ నది ఒడ్డున, డెల్టాలో ఒక చిన్న ఊళ్లో పనిచేశాను, ఇష్టపడి ఇంకో రెండేళ్లు ఉండిపోయాను.

అక్కడ నేల చూస్తే మన గోదావరి జిల్లాలు గుర్తొస్తాయి. నల్లటి నేల, చూపు ఆనినంత మేర వరి, సోయా, పత్తి. కానీ పొలంలో మనుషులు కనిపించరు. ఒక యంత్రం, ఒక డ్రైవరు, మైళ్ల కొద్దీ పంట. ఒకప్పుడు ఆ పొలాల్లో చేతులతో పత్తి ఏరిన కుటుంబాల మనవలు నా రోగులు. యంత్రాలు వచ్చాక వారి పని పోయింది, పని పోయాక కొట్లు పోయాయి, కొట్లు పోయాక యువకులు పోయారు. ఫిలిప్స్ కౌంటీలో 2010లో 21,757 మంది ఉంటే 2020లో 16,568 మంది మిగిలారు. పైన్ బ్లఫ్ నగరం 49,083 నుంచి 41,253కు పడిపోయింది. అదే పదేళ్లలో బెంటన్ కౌంటీకి అరవై వేలకు పైగా జనం చేరారు. రాష్ట్ర జనాభా కొంచెం పెరిగిందని పైపై లెక్క చెబుతుంది, లోపల చూస్తే డెబ్బై అయిదు కౌంటీలలో సగానికి మించి కౌంటీలు తగ్గాయి.

బడుల గురించి అడిగారు కాబట్టి ఒక ఉదంతం చెబుతాను. ఫిలిప్స్ కౌంటీలోని లేక్ వ్యూ అనే చిన్న బడి జిల్లా, తమలాంటి పేద చోట్ల పిల్లలకు రాష్ట్రం చాలినంత డబ్బు ఇవ్వడం లేదని న్యాయస్థానానికి వెళ్లింది. ఏళ్ల తరబడి పోరాడింది. 2002లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిధుల పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది, ఆ తరువాత రాష్ట్రమంతటా బడులకు నిధులు పెరిగాయి, ఇవాళ బెంటన్‌విల్ పిల్లలకూ ఆ తీర్పు ఫలం అందుతోంది. కానీ ఆ సంస్కరణలలో భాగంగానే, 350 మంది కంటే తక్కువ పిల్లలున్న జిల్లాలను విలీనం చేయాలన్న చట్టం వచ్చింది. 2004లో లేక్ వ్యూ జిల్లాయే లేకుండా పోయింది. కేసు గెలిచిన బడికి తాళం పడింది.

రాష్ట్రంలో ఇంకేమీ లేదని నేను అనడం లేదు. ఈశాన్యాన మిసిసిపీ కౌంటీలో ఉక్కు కర్మాగారాలు పెద్ద ఎత్తున నడుస్తున్నాయి, దక్షిణాన భూమి లోపలి స్మాకోవర్ రాతి పొరలోని ఉప్పునీటి నుంచి లిథియం తీయాలని పెద్ద చమురు సంస్థలు దిగాయి. అయితే ఉక్కు పనివాళ్లలో చాలామంది నదికి అవతలో, వేరే కౌంటీలోనో కాపురం పెడతారు. కర్మాగారం ఉన్నంత మాత్రాన ఊరు నిలబడుతుందన్న నమ్మకం నాకు పోయింది.

#7 ఓజార్క్_పాతకాపు

వైద్యుల గారి మాటలకు ఒకటి జోడించాలి, ఎందుకంటే ఈ రెండు మూలలు విడివిడిగా పెరిగినవి కావు. శామ్ వాల్టన్ మొదటి కొట్టు 1945లో డెల్టా అంచున, వైట్ నది ఒడ్డున ఉన్న న్యూపోర్ట్‌లో పెట్టాడు. ఐదేళ్లలో బాగా నడిపించాడు. కానీ అద్దె ఒప్పందంలో పొడిగింపు హక్కు రాయించుకోవడం మరిచిపోయాడు. గడువు తీరగానే యజమాని ఆ కొట్టును తన కొడుక్కు ఇవ్వదలచుకుని పొడిగించనన్నాడు. అలా చేతులు దులుపుకుని, పెద్ద పట్టణం వద్దన్న భార్య మాట, వేట మీద తన మోజు రెండూ కలిసొచ్చే చోటు వెతుక్కుంటూ సుమారు మూడు వేల మంది ఉన్న బెంటన్‌విల్‌కు వచ్చాడు. ఒప్పంద పత్రంలో ఒక్క వాక్యం ఉండి ఉంటే మనం ఈ చర్చ న్యూపోర్ట్ గురించి చేస్తూ ఉండేవాళ్లం.

విచిత్రమేమిటంటే ఇప్పుడు మనం తాగే నీళ్లు కూడా ఆ నదివే. వైట్ నది మీద 1960లలో సైనిక ఇంజనీర్లు కట్టిన బీవర్ ఆనకట్ట జలాశయం లేకపోతే ఈ కొండల మీద ఇంత జనాభాకు నీరు లేదు. 1998లో తెరిచిన విమానాశ్రయం, 1999లో పూర్తయిన కొండ సొరంగపు రహదారి కూడా అంతే. కంపెనీలు ఇక్కడ నిలబడడానికి ప్రజాధనం ఎంత పోశారో చాలామంది మరిచిపోతారు.

#8 వలసపక్షి_72

అందరూ మర్యాదగా రాస్తున్నారు, నేను కొంచెం కటువుగా రాస్తాను. నేను అక్కడ ఆరేళ్లు ఉండి 2025లో వచ్చేశాను. ఏ సంస్థ అని చెప్పను. ఒక బుధవారం ఉదయం పావుగంట పిలుపులో మా బృందం మొత్తానికి పని లేదన్నారు. వీసా మీద ఉన్నవాడికి అరవై రోజుల గడువు. డాలస్‌లో ఉంటే ఆ అరవై రోజుల్లో నలభై సంస్థలకు దరఖాస్తు పెట్టి సాయంత్రం ఇంటికి వచ్చి పడుకోవచ్చు. బెంటన్‌విల్‌లో నాకు తెలిసిన పనికి తగిన సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి, అవి కూడా ఆ నెలలో కొత్తవారిని తీసుకోవడం ఆపేశాయి. మాతో పాటు పని పోయినవాళ్లూ అదే వీధిలో ఇళ్లు అమ్మకానికి పెట్టారు. మా పక్కిల్లు, ఎదురిల్లు, మా ఇల్లు మూడింటి ముందు ఒకే ఏజెంటు పలక.

పాతకాపు గారు చెప్పే కోడి, లారీ, కొట్టు చరిత్ర నిజమే. కానీ కంప్యూటర్ ముందు కూర్చునే మనవాడు పని పోతే లారీ తోలతాడా, కోళ్లు కోస్తాడా? ఊరికి మూడు కాళ్లు ఉన్నా మనకు ఒక్క కాలే ఉంది.

#9 నిర్వాహకుడు

వీసా విషయాలకు వేరే విభాగం ఉంది. ఇక్కడ ఊరి ఆర్థిక స్థితికి సంబంధించినంత వరకే రాయవలసిందిగా మనవి.

#10 సరుకులపద్దు

వలసపక్షి గారి బాధ నాకు తెలుసు, మా వీధిలో కూడా ఆ పలకలు చూశాను. 2025 మే నెలలో వాల్‌మార్ట్ స్వయంగా సుమారు 1,500 కార్యాలయ ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు ప్రకటించినప్పుడు ఊళ్లో కొన్ని వారాల పాటు పుట్టినరోజు విందుల్లో కూడా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అయినా ఆయన ఆఖరి వాక్యం గురించి ఆలోచించాలి, ఎందుకంటే కోళ్లు కోసేవాళ్ల గురించి మనం మాట్లాడుకోవడమే లేదు.

స్ప్రింగ్‌డేల్‌లో జనాభాలో మూడో వంతుకు పైగా లాటిన్ అమెరికా మూలాలవారు. పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవులవారు కూడా వేల సంఖ్యలో ఉన్నారు, అమెరికా ప్రధాన భూభాగంలో వారి అతి పెద్ద స్థావరం అదే. అమెరికాతో ఆ దేశానికి ఉన్న ఒప్పందం వల్ల వారికి వీసా అవసరం లేదు, అందుకని కోళ్ల కర్మాగారాల పనికి వచ్చి స్థిరపడ్డారు. రాత్రి పాళీ ముగించుకుని తెల్లటి రబ్బరు బూట్లు చేత్తో పట్టుకుని కారు ఎక్కేవాళ్లను ఉదయం ఆరింటికి పెట్రోలు బంకులో చూస్తాను. అదే వేళకు రహదారి మీద కోళ్ల బోన్ల లారీ వెళ్తే అద్దం మీద ఈకలు అంటుకుంటాయి. ఈ కౌంటీలలో ఇళ్ల ధరలు పెరిగినప్పుడు ఊరు దాటి దూరంగా వెళ్లిపోయేది ముందు వాళ్లు, ఆ తరువాత బడి పంతుళ్లు. ఈ ప్రాంతానికి వచ్చి ఉండే, ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగులకు 2020లో పదివేల డాలర్లు, ఒక సైకిలు బహుమానంగా ఇస్తామని ప్రకటించారు. ఇప్పుడు ఎవరినీ పిలవనక్కరలేదు, ఉన్నవాళ్లకే ఇల్లు దొరకడం లేదు.

#11 పన్నుపంతులు

కోళ్ల సంగతి వచ్చింది కాబట్టి దాని అప్పు పద్దు కూడా చూద్దాం. కోడిపిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, బ్యాంకు అప్పు, చనిపోయిన కోళ్లు, ఎరువు రైతువి. తెలంగాణలో కోళ్ల రైతులు కంపెనీలతో చేసుకునే ఒప్పందం ఎలా ఉంటుందో తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు, ఆ పద్ధతికి పుట్టిల్లు అమెరికా దక్షిణాది రాష్ట్రాలే. ఆ ఎరువు పొలాల నుంచి ఇలినాయ్ నదిలోకి కొట్టుకుపోయి పక్క రాష్ట్రమైన ఓక్లహోమాలో నీటిని పాడుచేస్తోందని ఆ రాష్ట్రం 2005లో కోళ్ల కంపెనీల మీద దావా వేసింది. 2023 జనవరిలో గానీ న్యాయమూర్తి ఓక్లహోమా పక్షాన తేల్చలేదు. పద్దెనిమిదేళ్లు. అదే 2023లో టైసన్ ఈ రాష్ట్రంలోనే వాన్ బ్యూరెన్ కర్మాగారాన్ని మూసివేసింది, తొమ్మిది వందల మందికి పైగా పని పోయింది. ప్రధాన కార్యాలయం సుమారు గంట దూరంలో ఉన్నా ఆ ఊరికి దాని వల్ల ఒరిగిందేమీ లేదు. కాబట్టి పద్దు గారు చెప్పిన సూత్రాన్ని నేను కొంచెం సవరిస్తాను. నిర్ణయం తీసుకునేవాళ్లు మీ ఊళ్లో ఉంటే మీ ఊరికి మేలు, మీ రాష్ట్రానికి కాకపోవచ్చు.

#12 ఓజార్క్_పాతకాపు

ఒప్పుకుంటాను. అయితే గత పదిహేనేళ్లలో వచ్చిన ఒక మార్పు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. నేను వచ్చినప్పుడు శనివారం సాయంత్రం బెంటన్‌విల్ కూడలిలో ఒక్క మనిషి కనిపించేవాడు కాదు, 2012 ఎన్నికలదాకా ఈ కౌంటీలో మద్యం దుకాణమే లేదు. 2011 నవంబరు 11న శామ్ వాల్టన్ కూతురు ఆలిస్ వాల్టన్ అడవి మధ్యలో, ఆర్కిటెక్ట్ మోషే సఫ్డీ రూపకల్పనలో క్రిస్టల్ బ్రిడ్జెస్ చిత్రశాల తెరిచారు. శాశ్వత సేకరణ చూడడానికి రుసుము లేదు. దాని చుట్టూ సైకిలు బాటలు, వాటి వెంట హోటళ్లు వచ్చాయి. 2025లో ఆమె పేరు మీదనే వైద్య కళాశాల 48 మంది విద్యార్థులతో మొదలైంది, మొదటి ఐదు బృందాలకు ఫీజు లేదు. వైద్యం, పర్యాటకం, చదువు అనే కొత్త కొమ్మలు నిజంగానే వేస్తున్నాయి. వలసపక్షి గారు అడగబోయేది నాకు తెలుసు. అవును, అవి కూడా ఒకే కుటుంబం డబ్బుతో నాటినవే. కానీ చిత్రశాలను, కళాశాలను లాభం తగ్గిందని మూసేసే పద్ధతి వేరు, దుకాణాన్ని మూసేసే పద్ధతి వేరు. ప్రస్తుతం ఊరి ఎదుగుదలకు అడ్డుపడుతున్నది కూడా డబ్బు కాదు, మురుగునీటి శుద్ధి సామర్థ్యం.

#13 డెల్టా_వైద్యుడు

ఆ కళాశాల నుంచి బయటికి వచ్చే వైద్యులలో ఎంతమంది డెల్టాకు వెళ్తారో చూడాలి. నేను వదిలి వచ్చిన ఊళ్లో నా గది తలుపు మీద నా పేరు పలక చాలాకాలం అలాగే ఉంచారని నర్సు చెప్పింది. కొత్తవారు రాలేదు కాబట్టి మార్చే పని పడలేదట.

#14 మిల్లుకాలనీ_అమ్మాయి

మూడు రోజులుగా ఈ జవాబులన్నీ మా వారికి చదివి వినిపిస్తున్నాను. మా ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇది. మొదటి ఏడాది అద్దెకు ఉంటాం. కొంటే మాత్రం ప్రాంగణానికి నడిచి వెళ్లే దూరంలో కాకుండా ఫయెట్‌విల్ వైపు కొంటాం. అక్కడ విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి మా వారి సంస్థ వెళ్లిపోయినా ఇల్లు అద్దెకు పోతుందని నా లెక్క. నా ఉద్యోగం ఈ ఊరిది కాకపోవడం మాకు రెండో కాలు, వలసపక్షి గారి మాట నాకు బాగా పనికొచ్చింది. మా వారికి రోజూ అరగంటకు పైగా ప్రయాణం తప్పదు. అద్దె ఒప్పందంలో పొడిగింపు వాక్యం ఉందో లేదో రెండుసార్లు చూస్తానని పాతకాపు గారికి మాట ఇస్తున్నాను. వచ్చాక మొదటి నెలలో చేయవలసిన పనులేమైనా ఉంటే చెప్పండి.

#15 పన్నుపంతులు

ఫయెట్‌విల్ అంటే వాషింగ్టన్ కౌంటీ, కాబట్టి మీ కాగితాలన్నీ అక్కడే. టెక్సాస్‌లో లేనిది, ఇక్కడ అందరూ మరిచిపోయేది ఒకటుంది. ఇంటికే కాదు, కారుకు కూడా ఏటా పన్ను కట్టాలి. మీ రెండు కార్లనూ మే 31 లోపు కౌంటీ అసెసర్ దగ్గర రాయించండి, ఫోనులోనే అయిపోతుంది, గడువు దాటితే పది శాతం జరిమానా. ఆ పన్ను కట్టడానికి మరుసటి ఏడాది అక్టోబరు 15 ఆఖరు. అది కట్టిన దాఖలా లేకపోతే బండి నంబరు పలకకు కొత్త చీటీ ఇవ్వరు.

#16 ఓజార్క్_పాతకాపు

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ సుడిగాలులు వస్తాయి. 2024 మే 26న రోజర్స్ మీదుగా వెళ్లిన సుడిగాలి మా వీధిలో ఓక్ చెట్లన్నీ పడగొట్టింది. అద్దె ఇల్లు చూసేటప్పుడు దాక్కోవడానికి కిటికీలు లేని గది ఉందో లేదో అడగండి.